టాంగో పాటల్లో ఏడ్చేది ఎవరు? ఎందుకు?

నేను టాంగో డాన్స్ నేర్పుతాను. క్లాసులో పాట పెట్టగానే ఎవరో ఒకరు "దీనర్థం ఏంటి సార్?" అంటారు. నేను నోరు తెరిచేలోపే పక్కవాళ్లు "ఇంకేముంటుంది, లవ్ ఫెయిల్యూర్" అనేస్తారు. సగం నిజమే.

అపోహ: టాంగో పుట్టిందే విరహంతో.

కాదు. తొలినాళ్ల టాంగోలు చాలావరకు వట్టి వాయిద్య సంగీతమే. మాటలున్నవాటిలోనూ కొంటెతనం, గొప్పలు చెప్పుకోవడమే ఎక్కువ. 1917లో గాయకుడు కార్లోస్ గార్డెల్ 'మి నోచే త్రిస్తే' అనే పాట రికార్డు చేశాక గాలి మళ్లింది. సామ్యుయెల్ కాస్త్రియోతా కట్టిన పాత బాణీకి పాస్కువల్ కొంతుర్సి మాటలు రాశాడు. పాటలో ఆమె వదిలేసి పోయింది, గదిలో అతను మిగిలాడు. నన్ను పట్టేసేది అతని ఏడుపు కాదు, ఆ గదిలోని సామాను. బీరువాలో వేలాడే గిటారు మోగదు. దీపం వెలగనని మొరాయిస్తుంది. ఆమె ఉన్నప్పటిలాగే మాతే అనే ఆకు టీలోకి నంజుకోడానికి బిస్కెట్లు తెస్తూనే ఉంటాడు.

మనం పాడుకునే పదాల్లో విరహం ఎక్కువగా నాయికది. ఇక్కడ మగవాడిది, అదీ అర్జెంటీనా రాజధాని బ్యూనస్ ఐరెస్ వీధి మాట లున్ఫార్దోలో. పుస్తకాల స్పానిష్ నేర్చుకుని వెళ్తే మొదటి పదానికే బోల్తా పడతారు. నేనూ పడ్డాను.

అపోహ: పోగొట్టుకున్నది ఎప్పుడూ అమ్మాయినే.

నాకు బాగా చిరాకు తెప్పించే అపోహ ఇదే. 1948 నాటి 'సుర్' అనే టాంగో పాట వినండి. మాటలు ఓమెరో మాన్సివి, బాణీ అనిబల్ త్రోయిలోది. అమ్మాయి ఉంది, నిజమే. కానీ ఆమెతో పాటు సాన్ హువాన్, బోయెదో వీధుల కూడలి, కమ్మరి కొట్టు మూల, బురద, పొంపేయా పేట అవతలి వరదనీళ్లు కూడా ఉన్నాయి. పేట మారిపోయింది, వయసూ పోయింది. వీటిలో ఏది పోయినందుకు ఎక్కువ బాధో విడదీసి చెప్పలేం.

అపోహ: 'కామినీతో' పాటలోని దారి అంటే బ్యూనస్ ఐరెస్‌లో లా బోకా పేటలోని ఆ రంగురంగుల వీధే.

టూరిస్టులు ఫొటోలు దిగేది అక్కడే. కానీ పాట రాసిన గాబినో కోరియా పెన్యలోసా మనసులో ఉన్నది ఎక్కడో దూరాన లా రియోహా రాష్ట్రంలోని ఓల్తా ఊరి కాలిబాట. వీధికి ఆ పేరు పాట తర్వాత వచ్చింది.

అపోహ: మాటలు తెలియకపోతే డాన్స్ రాదు.

వస్తుంది. 1930ల డాన్స్ రికార్డుల్లో చాలావాటిలో గాయకుడు నడిమధ్యలో వచ్చి నాలుగు చరణాలు కూడా పాడడు, పల్లవి పాడి తప్పుకుంటాడు.

అపోహ: 'లా కుంపర్సీతా' మొదటినుంచీ విషాదగీతమే.

ఉరుగ్వే రాజధాని మాంటెవిడియోలో హెరార్దో మాతోస్ రోద్రీగెస్ అనే కుర్రాడు విద్యార్థుల కార్నివాల్ కోసం కట్టిన కవాతు బాణీ అది. ఆ ఏడుపు మాటల్ని 1924లో కొంతుర్సి, ఎన్రికే మారోనీ అతన్ని అడక్కుండానే తగిలించారు. గొడవ కోర్టుకెక్కింది. పాట మాత్రం నిలిచిపోయింది. మిలోంగాలో, అంటే టాంగో ఆడుకునే కూడికలో, రాత్రి చివరి పాటగా వేసేది దాన్నే. అది మొదలైందంటే, ఒక్కసారి ఆడేసి కుర్చీ కింద చెప్పులు వెతుక్కోవడమే.