మే నెలలో గుడ్డు పెంకు ఎందుకు పల్చబడుద్ది

మా గుంటూరులో మే నెల వచ్చిందంటే గుడ్లు కొనేటప్పుడు ట్రే ఒకసారి బాగా చూసుకోవాలి, చలికాలంలో గట్టిగా ఉండే పెంకు అప్పుడు వేలితో కాస్త నొక్కితేనే చిట్లిపోద్ది. చాలామంది పాత సరుకు అనుకుని కొట్టాయన మీద కోప్పడతారు, కానీ అసలు సంగతి కోడి ఊపిరిలో ఉంది.

కోడికి చెమట పట్టదు, చెమట గ్రంథులే లేవు దానికి. ఒంటి వేడి మామూలుగానే 41 డిగ్రీల దాకా ఉంటది. బయట 32, 33 దాటేసరికి నోరు తెరిచి రొప్పుతా ఉంటది, నిమిషానికి పాతిక ముప్పై సార్లు పీల్చే ఊపిరి ఎండ ముదిరితే 200 కూడా దాటుద్ది. అలా రొప్పితే నోట్లో, గొంతులో తడి ఆవిరై ఒళ్ళు చల్లబడుద్ది నిజమే, కానీ దాంతోపాటు రక్తంలో ఉండాల్సిన కార్బన్ డయాక్సైడ్ కూడా బయటికి పోద్ది. పెంకు అంటే దాదాపు మొత్తం కాల్షియం కార్బొనేటే, అందులో కార్బొనేట్ తయారయ్యేది ఈ కార్బన్ డయాక్సైడ్ నుంచే. అంటే ప్రాణం నిలుపుకోడానికి వదిలే ప్రతి ఊపిరితో పెంకుకి కావాల్సిన సరుకు కొంచెం కొంచెం పోతా ఉందన్నమాట. 1985లో అమెరికా పరిశోధకులు వేడిలో ఉంచిన లెగ్‌హార్న్ అనే జాతి కోళ్ళకి మామూలు నీళ్ళ బదులు గ్యాస్ కలిపిన సోడా నీళ్ళు తాగించి చూస్తే పెంకు మెరుగుపడింది, మనం ఎండలో తాగే గోలీసోడాలో ఉండేది కూడా ఆ గ్యాసే.

రెంటచింతలలో ఎండ ఎక్కువ అంటాం గానీ, కోడికి విజయవాడ ఉక్కపోత కూడా తక్కువేం కాదు. గాలిలో తేమ నిండుగా ఉంటే ఎంత రొప్పినా తడి ఆవిరవదు, షెడ్డులో ఫాగర్లు, అంటే సన్నటి నీటి తుంపర చల్లే గొట్టాలు, పెట్టినా అంత ఫలితం ఉండదు.

ఇక జాతి సంగతి. మన ఫారాల్లో తెల్ల కోళ్ళు ఎక్కువ శాతం వైట్ లెగ్‌హార్న్ రక్తమే, ఇటలీ నుంచి వచ్చిన జాతి, ఏడాదికి 300 దాకా గుడ్లు పెట్టేట్టు తయారుచేశారు. చిన్న ఒళ్ళు, తల మీద పెద్ద తురాయి, ఆ తురాయిలోకి రక్తం పారి వేడి బయటికి పోద్ది, అందుకే మన వాతావరణంలో నెట్టుకొస్తంది. కానీ రోజుకి 110 గ్రాముల దాణా అరగాలి, దాదాపు రోజూ ఒక గుడ్డు తయారవ్వాలి, ఆ పనికే ఒంట్లో వేడి పుడద్ది, కాబట్టి ఎక్కువ గుడ్లు పెట్టే కోడికే ఎండాకాలం ఎక్కువ కష్టం. నాటుకోడి పది పదిహేను పెట్టి పొదుగుకి కూర్చుంటది, 21 రోజులు మేతకి కాసేపు తప్ప లేవదు, తర్వాత పిల్లల్ని తిప్పుకుంటది, గుడ్లు తక్కువే గానీ రోహిణి కార్తెలో కూడా చెట్టు నీడన బతికేస్తది. దాన్ని చులకనగా చూడటం నాకు నచ్చదు. హైదరాబాద్ రాజేంద్రనగర్ పరిశోధన సంస్థ తయారుచేసిన గ్రామప్రియ ఈ రెంటికీ మధ్యలో ఉంటది, పెరట్లోనే ఏడాదికి 150 పైన పెడతది. మెడ మీద ఈకలు లేని కోళ్ళు కూడా ఉన్నాయి, చూడ్డానికి అదోలా ఉంటాయి గానీ ఆ జన్యువు తల్లిదండ్రుల్లో ఒకరి నుంచే వస్తే ఒంటి మీద ఈకలు సుమారు 20 శాతం, ఇద్దరి నుంచీ వస్తే 40 శాతం తగ్గి వేడి తేలిగ్గా పోద్ది.

హనుమాన్ జంక్షన్ లాంటి చోట్ల ఎండాకాలం వచ్చిందంటే షెడ్డు కప్పు మీద గడ్డి పరిచి నీళ్ళు చల్లుతారు, దాణా మధ్యాహ్నం కాకుండా తెల్లవారుజామున, సాయంత్రం వేస్తారు. సాయంత్రం దాణాలో గింజంత సున్నపురాయి ముక్కలు కలపడం చాలా తెలివైన పని. పెంకు కట్టడానికి దాదాపు 20 గంటలు పడద్ది, అందులో ఎక్కువ భాగం రాత్రే, అప్పుడు కోడి ఏమీ తినదు. పొడి అయితే తొందరగా దిగిపోద్ది, ముక్కలైతే కందనకాయలో ఆగి రాత్రంతా నెమ్మదిగా కరుగుతాయి, లేకపోతే కోడి తన ఎముకల్లోంచే ఇంకా ఎక్కువ కాల్షియం తీసి పెంకుకి పెట్టాల్సి వస్తది.