గడ్డ ఎక్కడి దాకా పాకింది?

విజయవాడ సూర్యారావుపేటలో ఓ స్కానింగ్ సెంటర్ బయట బల్ల మీద కూర్చుని, పిన్ని బాబాయి రిపోర్టు నా చేతిలో పెట్టింది. "లివర్లో గడ్డ నరంలోకి పాకిందట. ఇక ఆపరేషన్ చెయ్యరంటున్నారు, నిజమేనా నాన్నా?" మనవాళ్ళు రక్తనాళాన్ని కూడా నరమనే అంటారు. రిపోర్టులో ఉన్నది పోర్టల్ వెయిన్ సంగతి.

పేగుల నుంచి, ప్లీహం నుంచి రక్తాన్ని కాలేయానికి చేర్చే పెద్ద సిర అది. కాలేయానికి అందే రక్తంలో దాదాపు 75 శాతం దీని గుండానే వస్తుంది. బ్యారేజీ దగ్గర కృష్ణ నీళ్ళు కాలువల్లోకి మళ్ళి, పిల్లకాలువలై పొలాలకు చేరినట్టే, ఈ సిర కూడా కాలేయం ముంగిట కుడి ఎడమలుగా చీలి, లోపల కొమ్మలు కొమ్మలుగా విడిపోతుంది. బాబాయి గడ్డ కాలేయ క్యాన్సర్. ఇలాంటి క్యాన్సర్ ఏదో చిన్న కొమ్మలోకి చొరబడి, అక్కడి నుంచి మొదలు వైపు పాకుతుంది. బందరు కాలువకు గుర్రపుడెక్క అడ్డం పడ్డట్టు దారి మూసుకుపోతుంది. వెనక ఒత్తిడి పెరిగి పొట్టలో నీరు చేరుతుంది, అన్నవాహికలో సిరలు ఉబ్బి పగిలితే రక్తపు వాంతులవుతాయి. ఊడిన కణాలు మిగతా కాలేయంలో విత్తనాల్లా పడతాయి.

అయితే సిరలో అడ్డం కనిపించిందల్లా క్యాన్సర్ కాదు. సిర్రోసిస్, అంటే కాలేయం దెబ్బతిని గట్టిపడిపోవడం, ఉన్నవాళ్ళకు అక్కడ మామూలు రక్తం కూడా గడ్డకడుతుంది. తేడా సీటీ స్కాన్ చెబుతుంది. చేతికి మందు ఎక్కించగానే ఒళ్ళంతా వేడి పాకుతుంది కదా, ఆ తర్వాత అర నిమిషానికి తీసే బొమ్మలో క్యాన్సర్ గడ్డ మెరుస్తుంది, దానికి ధమని రక్తం అందుతోంది కాబట్టి. ఉత్త రక్తపు గడ్డ నల్లగానే ఉంటుంది. బాబాయిది మెరిసింది.

ఇక పిన్ని ప్రశ్న. గడ్డ చిన్న కొమ్మల్లోనో, కుడి ఎడమ శాఖల్లో ఒకదానిలోనో ఆగితే, ఆ భాగం మొత్తాన్ని కోసి తీసే వీలుంటుంది. జపాన్‌లో క్యాన్సర్ ఈ సిరలోకి పాకిన 6,474 మంది వివరాలు పరిశీలించి 2016లో ప్రచురించారు. కాలేయం బాగా పనిచేస్తున్నవాళ్ళలో, ఆపరేషన్ అయినవారిలో సగం మంది 2.87 ఏళ్ళు దాటి బతికారు. కానివారిలో ఆ లెక్క 1.10 ఏళ్ళు. ఇక్కడ తొందరపడకూడదు. ఆపరేషన్‌కు ఎంచుకునేది ఎలాగూ కాస్త బలంగా ఉన్నవాళ్ళనే. ఒకే స్థితిలో ఉన్నవాళ్ళను జతచేసి చూస్తే ఆ లెక్కలు 2.45, 1.57 ఏళ్ళయ్యాయి, తేడా తగ్గింది. నేను నమ్మేది ఈ లెక్కనే. పది నెలల పైచిలుకు, అదేం చిన్నది కాదు. గడ్డ కొమ్మలు దాటి, సిర రెండుగా చీలకముందున్న మొదట్లోకి వచ్చేసినవారికి మాత్రం ఆపరేషన్ వల్ల స్పష్టమైన లాభం కనిపించలేదు. ఆపరేషన్ తర్వాత 90 రోజుల్లో 3.7 శాతం మంది చనిపోయారు.

చైనాలో ఇలాంటి 164 మందిపై చేసిన ప్రయోగం ఫలితాలు 2019లో వచ్చాయి. ముందు రేడియేషన్ ఇచ్చి, ఆ తర్వాత ఆపరేషన్ చేసినవారిలో ఏడాదికి 75 శాతం బతికున్నారు. నేరుగా కోసినవారిలో 43 శాతమే. పాశ్చాత్య దేశాల మార్గదర్శకాలు మాత్రం గడ్డ పోర్టల్ వెయిన్‌లోకి పాకితే మందులే ముందంటాయి. అందుకే ఇద్దరు డాక్టర్లు రెండు రకాలుగా చెబితే కంగారు పడక్కర్లేదు.

సర్జన్ మాకు రిపోర్టు వెనక పెన్నుతో బొమ్మ గీసి చూపించారు. గడ్డ కుడి శాఖలోనే ఉంది, కానీ అది తీసేస్తే మిగిలే ఎడమ భాగం చిన్నది. సిర్రోసిస్ ఉన్న కాలేయంలో కనీసం 40 శాతం మిగలాలట. ముందు ఇంజెక్షన్లు మొదలుపెట్టి, మూడు నెలలకు మళ్ళీ స్కాన్ చూద్దామన్నారు. పిన్ని ఆ కాయితం మడిచి పర్సులో పెట్టుకుంది.

బాబాయికి హెపటైటిస్ బి ఉందని కూడా ఆ వారమే తెలిసింది. ఇది కాన్పు సమయంలో తల్లి నుంచి బిడ్డకు సోకి, ఏళ్ళ తరబడి చప్పుడు చేయకుండా ఉండగలదు. అందుకే బాబాయి తోడబుట్టిన నాన్న, అత్తయ్య ఇద్దరూ రక్తపరీక్ష చేయించుకున్నారు. అత్తయ్యకు పాజిటివ్. ఇప్పటికి కాలేయం బాగానే ఉంది. ఆరు నెలలకోసారి అల్ట్రాసౌండ్‌కు గుంటూరు నుంచి నేనే తీసుకొస్తున్నాను.