కప్పతల్లికి నీళ్ళు పోసేది ఎందుకంటే

బిడ్డలారా,

మొన్న ఫోన్‌లో చిన్నది అడిగిన మాట రెండు రోజులుగా నా చెవిలోనే తిరుగుతోంది. "తాతా, కప్ప మీద నీళ్ళు పోస్తే వాన వస్తదా? అది మూఢనమ్మకం అని మా సారు అన్నడు" అంది. ఫోన్‌లో రెండు ముక్కల్లో చెప్పే జవాబు కాదని ఇలా రాస్తున్నాను. అన్నయ్య కూడా పక్కన కూర్చుని చదవాలి.

ముందు అడిగినదానికి చెబుతాను. కప్ప మీద నీళ్ళు పోస్తే మబ్బు పట్టదు. మీ సారు చెప్పింది నిజమే. నైరుతి గాలులు జూన్ మొదట్లో కేరళను తాకి, ఆ తర్వాత వారం పది రోజుల్లో మన తెలంగాణకు చేరతాయి. బంగాళాఖాతంలో అల్పపీడనం పుట్టి పడమటికి కదిలిందంటే మనకు ముసురు పడుతుంది, చెరువులు నిండుతాయి. ఒక్కోసారి వాన తెచ్చే ద్రోణి ఉత్తరానికి జరిగి హిమాలయాల దగ్గర ఆగిపోతుంది. అప్పుడు అక్కడ వరదలు, మనకు ఎండలు. ఇదంతా నేను పెద్దయ్యాక రేడియోలో వాతావరణ వార్తలు వింటూ తెలుసుకున్నాను. చిన్నప్పుడు మాకు తెలిసింది కార్తెలే.

సూర్యుడు ఒక్కో నక్షత్రంలో పదమూడు పద్నాలుగు రోజులు ఉంటాడు, ఆ రోజులన్నీ కలిపి ఒక కార్తె. రోహిణి కార్తెలో రోళ్ళు పగిలే ఎండ. జూన్ 7, 8 నాటికి మృగశిర వస్తుంది, తొలకరి పడుతుంది, విత్తనం వేస్తాం. 21, 22 నాటికి ఆరుద్ర. ఆరుద్ర కురిస్తే దారిద్ర్యం ఉండదని మీ ముత్తాత అనేవాడు. ఆ ఆరుద్ర కూడా ఎండగానే పోతుంటే, మొలిచిన జొన్న మొలక మధ్యాహ్నానికి తల వాలుస్తుంటే, అప్పుడు కప్పతల్లి ఆడతారు, అంటే కప్పను రోకలికి కట్టి ఇంటింటికీ తిప్పి నీళ్ళు పోయిస్తారు. అందుకే ఈ పండుగ మీ క్యాలెండర్‌లో కనబడదు. ఇది రాకూడదనే అందరూ కోరుకుంటారు.

నేను మొదటిసారి రోకలి భుజాన పెట్టుకున్నది 1972లో. ఆ ఏడు దేశంలో చాలా చోట్ల కరువే. మన చెరువు అడుగు పెంకుల్లా బీటలు వారి, ఆ సందుల్లో మా కాళ్ళు ఇరుక్కునేవి. బాయిలో చేద వేస్తే బురదే వచ్చేది. వాగులో ఇసుక తవ్వి చెలిమ తీసి, ఊరిన నీళ్ళను కొబ్బరిచిప్పతో ముంచి, బిందె నిండేదాకా కూర్చునేవాళ్ళం. ఒక్క బిందెకు పొద్దు సగం పోయేది.

కప్పను పట్టి తెచ్చింది మా ఊరి నీరటి. నీరటి అంటే చెరువు తూము తీసి, ఎవరి పొలానికి ఎంత నీళ్ళు పోవాలో చూసే మనిషి. చెరువులో నీళ్ళు లేని ఏడు ఆయనకు పని లేదు, గింజా లేదు. చెరువు గట్టు కింద తడి మట్టి తవ్వి గోండ్రుకప్పను తీశాడు. ఎండాకాలమంతా కప్పలు అలాగే మట్టిలో దాక్కుని నిద్రలో ఉంటాయి. రోకలి నడుమ తడిగుడ్డలో కప్పను కట్టి, చుట్టూ వేపమండలు చుట్టాం. ముందొకడు, వెనకొకడు మోయాలి. వెనక నేను. డప్పు మోగింది, పాట ఎత్తుకున్నారు, వాడకట్టు వెంట నడిచాం. ఇంటి ముందు ఆగితే ఆడవాళ్ళు చెంబుతో నీళ్ళు తెచ్చి కప్ప మీద పోసి, చాటలో గింజలు తెచ్చి జోలెలో పోయాలి.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. తూర్పు వాడలో ఒంటరిగా ఉండే ఒక అవ్వ ఇంటి ముందు ఆగాం. ఆమె దగ్గర సగం చెంబు నీళ్ళే ఉన్నాయి, నాకు కనిపించాయి. "ఆగుండ్రి" అని మమ్మల్ని పిలుచుకుపోయి దడి పక్కన ఆనపతీగ పాదు దగ్గర నిలబెట్టింది. "ఇటు, ఇంకొంచెం ఇటు" అంటూ రోకలిని సరిగ్గా పాదు మీదికి జరిపించి, అప్పుడు పోసింది. కప్ప తడిసింది, గుడ్డ తడిసింది, వేపాకు కొసల నుంచి బొట్టు బొట్టుగా నీళ్ళన్నీ ఆ తీగ మొదట్లో పడ్డాయి. ఒక్క చుక్క బయట పడలేదు. తర్వాత లోపలికి పోయి పిడికెడు జొన్నలు తెచ్చి వేసింది. ఆ పిడికిలి ఎంత చిన్నదో నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది.

మధ్యాహ్నానికి ఎండ మండిపోతోంది. పడమటి వాడలో వరుసగా ఇళ్ళల్లో నీళ్ళు లేవు. ఆడవాళ్ళు కప్పకు దండం పెట్టి, గింజలు మాత్రం వేశారు. అప్పుడు నేను చేసిన తప్పు చెబుతాను. కప్ప జారిపోతుందని పొద్దున గుడ్డ ముడి నేనే గట్టిగా బిగించాను. గుడ్డ ఎండిపోయిందని చూసుకోలేదు. ఊరి చివరకు పోయాక నీరటి వేపమండలు తప్పించి చూసి గబగబా ముడి విప్పాడు. కప్ప కళ్ళు మూసుకుని ఉంది, చర్మం ఎండి ముడుచుకుంది. మనం నోటితో నీళ్ళు తాగితే అది చర్మంతో తాగుతుంది, కొంత ఊపిరి కూడా చర్మంతోనే పీలుస్తుంది. నీరటి దాన్ని రెండు చేతుల్లో పెట్టుకుని వాగుకు పరుగెత్తాడు, వెనకాల నేను. చెలిమ పక్క తడి ఇసుకలో పెట్టి కూర్చున్నాం. చాలాసేపటికి దాని గొంతు కింద చర్మం కదిలింది. "తల్లి అని పేరు పెట్టుకుని తల్లిని చంపుతామారా?" అన్నాడు నీరటి. నన్ను కొట్టలేదు. కొట్టి ఉంటే బాగుండేదని ఎన్నోసార్లు అనుకున్నాను.

కప్పనే తల్లి అనడం ఎందుకంటే, వాన వాసనకు మట్టిలోంచి ముందు లేచేది అదే. తొలి వానకు మగ గోండ్రుకప్పలు పసుపు పూసుకున్నట్టు పచ్చగా మారి, గుంటల్లో చేరి రాత్రంతా అరుస్తాయి. ఋగ్వేదం ఏడో మండలంలో 103వ సూక్తం మొత్తం కప్పల గురించే. ఏడాది మౌనంగా పడి ఉన్న కప్పలు వానకు గొంతు విప్పడం వేదం చదివే బ్రాహ్మణుల్లా ఉందంటుంది. పైగా కప్ప పొలంలో పురుగులను తింటుంది. ఒకప్పుడు మన దేశం నుంచి కప్పకాళ్ళు విదేశాలకు బాగా పోయేవి. 1987లో ప్రభుత్వం ఆ ఎగుమతిని నిషేధించింది.

వాన కోసం ఊళ్ళలో చేసేవి ఇంకా ఉన్నాయి. శివుడి గుడిలో లింగం మునిగేదాకా బిందెలతో నీళ్ళు పోస్తారు. విరాటపర్వం చదివిస్తారు. ధర్మరాజు ఉన్నచోట వానలు సకాలంలో కురుస్తాయని అందులో భీష్ముడు చెబుతాడు కదా, అందుకు. వరదపాశం నాకు అన్నిటికన్నా ఇష్టం. బెల్లం పాశం, అంటే పాయసం, వండి శుభ్రంగా కడిగిన బండ మీద పోస్తారు. చేతులు వెనక్కి కట్టుకుని, మోకాళ్ళ మీద వంగి, నాలుకతో నాకి తినాలి. పటేలైనా పాలేరైనా ఆ బండ మీద పక్కపక్కనే వంగాల్సిందే.

ఆ సాయంత్రం గట్టు మీద పెద్దమనుషులు మమ్మల్ని కూర్చోబెట్టి అడిగారు. ఎవరింట్లో నీళ్ళు పోశారు? ఎవరింట్లో పొయ్యి వెలగలేదు? పిల్లలం కదా, ఇల్లిల్లూ తిరిగి అన్నీ చూశాం, దాచకుండా చెప్పాం. అవ్వ సగం చెంబు సంగతి కూడా చెప్పాను. జోలెలో గింజలన్నీ కలిపి గట్కా వండారు. ఎవరినీ పేరు పెట్టి పిలవలేదు. కప్పతల్లి బువ్వ తినాలని డప్పు కొట్టించారంతే. పొయ్యి వెలగని ఇళ్ళవాళ్ళు కూడా వచ్చి అందరిలో కూర్చుని కడుపునిండా తిన్నారు. అడుక్కునే పని లేకుండా. మిగిలిన గింజలు చీకటి పడ్డాక ఎవరెవరి ఇళ్ళకు పోయాయో నీరటికి తెలుసు. ఆ రాత్రే ఇంటికొకరు చొప్పున చెరువు పూడిక తీయాలని, వాగు నుంచి వచ్చే పాటుకాలువ బాగు చేయాలని తీర్మానం చేసుకున్నారు. తెల్లారి మొదటి తట్ట మట్టి నీరటే ఎత్తాడు.

వాన ఆ వారం రాలేదు. పదకొండో నాడు ఒక్క జల్లు పడింది. ఆ ఏడు చెరువు నిండి మత్తడి దుంకలేదు. కానీ మా ఊళ్ళో ఆకలితో ఎవరూ పోలేదు. మీ సారుకు ఈ ఉత్తరం చూపించండి, తప్పకుండా చదువుతారు.

ఈసారి కూడా ఆరుద్ర సగం దాటింది, మబ్బు వచ్చి పోతోంది గానీ చినుకు లేదు. వచ్చే ఆదివారం కప్పతల్లి ఆడదామని ఊళ్ళో అనుకున్నారు. ఇప్పుడు మేము బతికిన కప్పను కట్టడం లేదు, మట్టి కప్పనే కడుతున్నాం. శనివారం సాయంత్రం బస్సుకు రండి. చెరువు మట్టి తెచ్చి, రాళ్ళు ఏరి, తడిపి, గోనెసంచి కప్పి పెట్టాను. కప్పను మీరిద్దరే చేయాలి. కళ్ళు కొంచెం పెద్దగా పెట్టండి.

మీ తాత