ఉద్యోగం మానేస్తేనే నటులవుతామా? క్యారెక్టర్ నటుల గురించి అపోహలు, వాస్తవాలు

నాటక పరిషత్తు పోటీలో మా ప్రదర్శన ముగిసి, రంగు తుడుచుకుంటూ కూర్చున్నప్పుడు ఎవరో ఒకరు వచ్చి నమస్కారం పెట్టి, “గురువుగారూ, ఉద్యోగానికి రాజీనామా ఇచ్చేశాను, ఇక సినిమాల్లోనే నా బతుకు” అని చెప్పడం ఈ ఇరవై ఏళ్లలో ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. మొన్నటి వేసవిలో అలా వచ్చిన ఆయనకు ముప్పై ఎనిమిదేళ్లు, ఇద్దరు పిల్లలు. ఎరువుల కంపెనీలో పదమూడేళ్లుగా చేస్తున్న ఉద్యోగాన్ని వారం క్రితమే వదులుకున్నాడు. వాచకం శుభ్రంగా ఉంది, గొంతు గట్టిది, కానీ ఆ మాట చెబుతున్నప్పుడు చేతిలోని టీ గ్లాసు వణుకుతోంది. కోట శ్రీనివాసరావు గారిలా అన్ని రకాల వేషాలూ వేయాలని ఉందనీ, ఆయన కూడా బ్యాంకు ఉద్యోగాన్ని కాలదన్ని వచ్చాకే నటుడయ్యారని తనకు ఎవరో చెప్పారనీ అన్నాడు. ఆ చెప్పినవారి మీద నాకు కలిగిన కోపం ఇంకా చల్లారలేదు.

అపోహ: ఉన్న ఉద్యోగం వదిలేసి వస్తేనే పరిశ్రమ మనల్ని నటుడిగా గుర్తిస్తుంది.

వాస్తవం: కోట గారు 1942లో కంకిపాడులో పుట్టారు. స్టేట్ బ్యాంకులో ఉద్యోగం చేస్తూ ఏళ్ల తరబడి నాటకాలు వేశారు. 1978లో తొలి సినిమా ‘ప్రాణం ఖరీదు’ విడుదలయ్యేనాటికి ఆయనకు ముప్పై ఆరేళ్లు. ఆ వేషం కూడా స్టూడియోల చుట్టూ తిరిగితే వచ్చినది కాదు, అదే పేరుతో ఆడిన నాటకం సినిమాగా మారినప్పుడు రంగస్థలం మీది నటులతో పాటు ఆయనకూ దక్కినది. ఆ తరవాత కూడా ఆయన బ్యాంకులోనే కొనసాగారు. జనం నోళ్లలో ఆయన పేరు నిలిచింది 1985లో ‘ప్రతిఘటన’లో కాశయ్యగా కనిపించాకనే. మధ్యలో ఏడేళ్లు గడిచాయి. రాజీనామా పత్రం చేతపట్టుకుని వచ్చేవారు ఈ ఏడేళ్ల సంగతి ఆలోచించరు, వారికి ఎవరూ చెప్పరు కూడా.

ఎస్వీ రంగారావు గారి జీవితంలోనూ ఇదే కనిపిస్తుంది. ఆయన అగ్నిమాపక శాఖలో ఉద్యోగం చేశారు. తొలి చిత్రం ‘వరూధిని’ ఆడకపోయేసరికి జంషెడ్‌పూర్ వెళ్లి టాటా కంపెనీలో చేరారు. తిరిగి వచ్చి 1951లో ‘పాతాళభైరవి’ మాంత్రికుడిగా తెలుగునాటనంతా వెర్రెక్కించేనాటికి ఆయన వయసు ముప్పై రెండు. జంషెడ్‌పూర్ వెళ్లడాన్ని ఓటమిగా చెప్పుకునేవారిని చూస్తే నాకు అసహనం కలుగుతుంది. ఇల్లు గడవడానికి పనిలో చేరడంలో ఓటమి ఏముంది? జయప్రకాశ్ రెడ్డి గారు లెక్కల మాస్టారు. 1988లో తెర మీదికి వచ్చినా ఆయన సీమ యాసకు ఊరూరా గుర్తింపు దొరికింది 1997లో.

అసలు ఈ పని ఎలా నడుస్తుందో తెలిస్తే ఎవరూ తొందరపడరు. క్యారెక్టర్ ఆర్టిస్టుకు ఒక సినిమాలో ఉండే పని కొద్ది రోజులే, ఆ కొద్ది రోజులూ వరసగా రావు. హీరోతో కలిసి నటించే కాంబినేషన్ సీన్ అయితే ఆయన డేట్లు కుదరాలి, లొకేషన్ దొరకాలి, వాన పడకూడదు. ఒక సినిమాలో నాకు తొమ్మిది రోజుల పని ఉంటే అది ఐదు నెలల మీద పరుచుకుంది. కంటిన్యూటీ కోసం, అంటే వేరువేరు రోజుల్లో తీసిన సీన్లలో రూపం ఒకేలా కనిపించడం కోసం, ఆ ఐదు నెలలూ మీసం అలాగే ఉంచుకోవలసి రావడంతో వేరే సినిమాలో పూజారి వేషం పోయింది. కాల్షీటు వేసిన, అంటే షూటింగ్‌కు పిలిచిన రోజుకే డబ్బు, ఎదురుచూసిన రోజుకు లేదు. ఉద్యోగం మానేసి వచ్చినవాడు ఈ ఎదురుచూపును దాచుకున్న డబ్బుతో ఈదాలి. అది కరిగాక అప్పుతో, అప్పు పుట్టనప్పుడు భార్య నగలతో ఈదాలి. నాకు తెలిసిన మూడు ఇళ్లలో ఇది జరిగింది. ఆ ఇళ్ల ఇల్లాళ్లు నాతో మాట్లాడిన తీరు గుర్తుకు వస్తే ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది.

పైగా అవసరం నటనను చెడగొడుతుంది. ఆడిషన్‌లో కెమెరా ముందు నిలబడినప్పుడు, వచ్చే ఒకటో తారీఖున అద్దె కట్టాల్సిన మనిషి కళ్లు పాత్రలో ఉండవు, కో-డైరెక్టర్ ముఖం మీద ఉంటాయి. రెండు రోజుల సెలవు పెట్టి వచ్చినవాడు అదే డైలాగును నింపాదిగా, ఊపిరి తీసుకుని చెబుతాడు. ఇద్దరినీ పక్కపక్కన చూశాను కనుకనే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఇంకొక సంగతి ఉంది, నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది. నేను ఈనాటికీ సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు పక్కన దస్తావేజు లేఖరినే. కొన్నేళ్ల క్రితం ఒక సినిమాలో అదే వృత్తి చేసేవాడి వేషం ఇచ్చారు. కూతురి పెళ్లి కోసం ముసలి రైతు పొలం అమ్ముకునే ఘట్టం అది. కాగితంలో నాకు రాసినది ఒకే ఒక్క మాట: “ఇక్కడ వేలిముద్ర వేయి.” రిహార్సల్‌లో రైతు పాత్రధారి బొటనవేలును సిరాలో ముంచి తానే కాగితం మీద ఒత్తబోయాడు. ముద్ర అలా పడదు. వేసేవాడు వేలు బిగిస్తే గీతలు అలుక్కుపోతాయి. అందుకని మేము ఎడమచేతి బొటనవేలును మా చేతిలోకి తీసుకుని, గుడ్డతో తుడిచి, సిరా అద్ది, ఒక అంచు నుంచి మరొక అంచుకు మెల్లగా దొర్లిస్తాం. మట్టి పనిలో అరిగిపోయిన వేళ్లకైతే రెండోసారి, మూడోసారి కూడా వేయించాలి. టేక్‌లో నేను అలవాటు ప్రకారం, “వేలు వదిలెయ్ పెద్దాయనా, నేను పట్టుకుంటా” అని ఆయన చేతిని నా చేతిలోకి తీసుకున్నాను. ఆయన నిజంగానే వేలు వదిలేశాడు. ఆ వదిలేయడంలో పొలం పోయింది. దర్శకులు కట్ చెప్పకుండా అలాగే నడిపించి, నాకు లేని క్లోజప్‌ను మా రెండు చేతులకూ ఇచ్చారు. ఆ పట్టును ఏ శిక్షణ సంస్థా నాకు నేర్పలేదు, రోజూ ఆ బల్ల ముందు కూర్చోవడం వల్ల అబ్బినది.

క్యారెక్టర్ నటుడికి ఉద్యోగం ఒక గాదె లాంటిది. కృష్ణా జిల్లాలో పుట్టిన కోట గారు కాశయ్యగా తెలంగాణ యాస పలికినప్పుడు అది అరువు తెచ్చుకున్నట్టు వినిపించకపోవడానికీ, రెండేళ్ల తరవాత ‘అహ నా పెళ్లంట’లో పిసినారి లక్ష్మీపతిగా, వేలాడదీసిన కోడిని చూస్తూ అన్నం తిన్నప్పుడు ఆ మనిషి మన వీధివాడే అనిపించడానికీ కారణం మనుషులను దగ్గర నుంచి గమనించడమే. బ్యాంకు కౌంటరులో కూర్చున్నవాడికి డబ్బుతో మనిషికి ఉండే లంకె ఎన్ని రకాలుగా కనిపిస్తుందో ఆలోచించండి.

ఉద్యోగం ఎప్పటికీ మానవద్దని నేను అనను. వచ్చిన వేషాలకు సెలవులు చాలక మంచి పాత్రలను వదులుకోవలసిన పరిస్థితి ఏడాదికి పైగా కొనసాగితే, అప్పుడు ఇంట్లోవారితో కూర్చుని లెక్క వేసుకోండి. అప్పటిదాకా ఆదివారం రిహార్సల్స్, పరిషత్తు నాటకాలు, సెలవు రోజుల్లో చిన్న వేషాలు చాలు. ప్రభుత్వోద్యోగులు మాత్రం ముందుగా శాఖ అనుమతి తీసుకోవాలి. సినిమా ప్రొడక్షన్ మేనేజరుకు మీరు ఖాళీగా ఉండే రోజులు నిజంగా చెప్పండి. ఉద్యోగస్తుడంటే చులకన చేస్తారన్నది భయమే తప్ప నాకు అనుభవంలో ఎదురుకాలేదు. చెప్పిన రోజుకు రాకపోతేనే పేరు చెడుతుంది.

అపోహ: వేషాలు ఇప్పించే మధ్యవర్తికి, అంటే కోఆర్డినేటరుకు, డబ్బు కడితే వేషం వస్తుంది.

వాస్తవం: రాదు. నటించినందుకు నిర్మాణ సంస్థ మనకు ఇవ్వాలి కానీ మన దగ్గర తీసుకోకూడదు. రిజిస్ట్రేషన్ అన్నా, ఫొటోషూట్ అన్నా, కాస్ట్యూమ్ డిపాజిట్ అన్నా అదే మోసం. వేషం ఖాయమయ్యాక వచ్చిన రెమ్యునరేషన్‌లో కోఆర్డినేటరుకు కమిషన్ ఇవ్వడం వేరే సంగతి. ఇప్పటికే కట్టి మోసపోయినవారు సిగ్గుపడి దాచుకోకండి, రసీదులు, మెసేజీలు భద్రపరచి పోలీసులకు ఫిర్యాదు ఇవ్వండి.

అపోహ: వైవిధ్యమంటే గెటప్ మార్చడం.

వాస్తవం: 1962లో వచ్చిన ‘మహామంత్రి తిమ్మరుసు’ చూడండి. రాయలుగా నటించిన ఎన్టీ రామారావు గారు 1923లో పుట్టారు. ఆయన చేత అప్పాజీ అని పిలిపించుకున్న గుమ్మడి గారు 1927లో పుట్టారు. తండ్రి వంటి ఆ మంత్రి రాజుకన్నా నాలుగేళ్లు చిన్న! తెల్ల గడ్డం ఎవరికైనా అంటిస్తారు, కానీ రాజును ప్రేమిస్తూనే మందలించగల ఆ పెద్దరికాన్ని గుమ్మడి గారు గొంతు తగ్గించి, మాటకూ మాటకూ నడుమ ఎడం ఇచ్చి సాధించారు. నలభై దాటాయి కదా ఇక ఆలస్యమైందని దిగులుపడేవారు కూడా ఈ లెక్క గమనించాలి. ముప్పై అయిదేళ్ల వయసులో ఆయన అరువు తెచ్చుకున్న ఆ పెద్దరికం మీకు ఇప్పటికే సొంతం.

అపోహ: తెర మీది గుణమే నటుడి గుణం.

వాస్తవం: దీనికి ఎక్కువ మాటలు అనవసరం. గయ్యాళి అత్త వేషాలు వేసిన సూర్యకాంతం గారి పేరు ఆడపిల్లలకు పెట్టడానికి జనం వెనకాడారంటే అది ఆమె నటనకు దక్కిన గెలుపు. ఆ నెపంతో మనిషిని దూషించడం అన్యాయం.

అపోహ: ఫోనులో వచ్చింది కనుక నిజమే.

వాస్తవం: 2023 మార్చిలో కోట గారు మరణించారన్న పుకారు పుడితే, తాను క్షేమంగా ఉన్నానని ఆ పెద్దాయనే వీడియోలో కనిపించి చెప్పుకోవలసి వచ్చింది. ఎనభై ఏళ్లు దాటిన మనిషి చేత ఆ మాట చెప్పించడం ఎంత అమానుషం! ఆయన తుదిశ్వాస విడిచింది 2025 జూలై 13న, ఎనభై మూడో పుట్టినరోజు జరిగిన మూడు రోజులకు. ఉద్యోగాన్ని కాలదన్ని వచ్చారన్న కథ కూడా ఇలాంటి పుకారే. ఎరువుల కంపెనీ నుంచి వచ్చిన ఆయన దాన్ని నమ్మి పదమూడేళ్ల సీనియారిటీ పోగొట్టుకున్నాడు. ఇప్పుడు ఒక చిన్న సంస్థలో తక్కువ జీతానికి చేరాడు. ఆదివారాలు మా రిహార్సల్స్‌కు వస్తున్నాడు. వచ్చే నాటకంలో ఎరువు అప్పుగా అడిగే రైతు పాత్ర ఆయనదే. దుకాణం గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, లోపలికి రావాలో వద్దో తెలియక ఒక కాలు మెట్టు మీద పెట్టి నిలబడే తీరు ఎవరూ చెప్పకుండానే చేసి చూపించాడు.