అసలు పోయిన రోజున కాపీ మిగులుతుందా? ఆఫీసు బ్యాకప్‌పై అపోహలు - వాస్తవాలు

కంపెనీల సర్వర్లకు బ్యాకప్ పెట్టడం, డేటా పోయినప్పుడు వెనక్కి తేవడం నా పని. కొత్త ఆఫీసుకు వెళ్లినప్పుడు “బ్యాకప్ ఉందా?” అని నేను అడగను. ఉందనే చెబుతారు, చాలాసార్లు అది నిజం కూడా. నేను చూసేది ఇంకోటి. అసలు డేటా ఏ కారణంతో పోవచ్చో, అదే కారణంతో ఈ కాపీ కూడా పోతుందా? కింద రాసిన అపోహల్లో చాలావరకు ఈ ప్రశ్న ఎవరూ వేయకపోవడం వల్ల నిలబడ్డవే.

అపోహ: “సర్వర్‌లో రెయిడ్ ఉంది, బ్యాకప్ ఎందుకు?”

ఒక డిస్క్ చెడిపోయినా సర్వర్ ఆగకుండా నడవడానికి రెయిడ్. అంతే. అకౌంట్స్ ఫోల్డర్‌ను ఎవరైనా డిలీట్ చేస్తే, ఒకే డేటాను రెండు డిస్కుల్లో ఉంచే రెయిడ్ 1లో ఆ రెండింట్లోంచీ అదే క్షణంలో పోతుంది. ఇంతకంటే చెప్పడానికి ఏమీ లేదు గానీ, ఇప్పటికీ నేను ఎక్కువగా వినే మాట ఇదే.

అపోహ: “రెండో సర్వర్‌కు ఎప్పటికప్పుడు కాపీ అవుతోంది”

రెప్లికేషన్ అనండి, సింక్ అనండి, మిర్రర్ అనండి, ఇక్కడ జరిగిందే అక్కడా జరిపించడం వాటి పని. మంచీ చెడూ వాటికి తెలియదు. మీరు సేవ్ చేసిన ఫైలు ఎంత త్వరగా అవతలికి వెళ్తుందో, పొరపాటున చేసిన డిలీట్ కూడా అంతే త్వరగా వెళ్తుంది.

చిన్న ఆఫీసుల్లో నాకు తరచుగా కనిపించేది విండోస్‌లో ఫైళ్లు కాపీ చేసే రోబోకాపీ అనే టూల్‌కు ‘మిర్’ స్విచ్ పెట్టి అర్ధరాత్రికి షెడ్యూల్ చేసిన బ్యాచ్ ఫైలు. అసలు డిస్కులో లేని ఫైళ్లను బ్యాకప్ డిస్కులోంచి కూడా తీసేయడం ఆ స్విచ్ పని. డేటా డిస్క్ పాడైతే అదే డ్రైవ్ లెటర్‌తో కొత్త ఖాళీ డిస్క్ పెట్టి, “రేపు పొద్దున రిస్టోర్ చేద్దాంలే” అని ఇంటికి వెళ్లిపోయారనుకోండి. ఆ రాత్రి బ్యాచ్ ఫైలు ఖాళీ డిస్కును చూసి బ్యాకప్ డిస్కును కూడా శుభ్రంగా ఖాళీ చేసిపెడుతుంది. ఎర్రర్ ఏమీ రాదు. దాని లెక్కలో పని సవ్యంగా పూర్తయింది. లినక్స్‌లో అలాంటి పనే చేసే ఆర్‌సింక్‌కు ‘డిలీట్’ ఆప్షన్ ఇచ్చి వదిలేసినా ఇంతే.

పెద్ద కంపెనీలకూ ఈ బాధ తప్పలేదు. 2011 ఫిబ్రవరి నెలాఖరులో కొందరు జీమెయిల్ తెరిచి చూస్తే మెయిళ్లన్నీ మాయం. గూగుల్ లెక్క ప్రకారం మొత్తం వాడకందారుల్లో వాళ్లు 0.02 శాతం. స్టోరేజ్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌లో ఉన్న బగ్ దానికి కారణం. వేర్వేరు డేటా సెంటర్లలో కాపీలు ఉన్నా బగ్ వాటిని కూడా తాకింది. చివరికి ఆ మెయిళ్లను డేటా దాచే మాగ్నెటిక్ టేపుల నుంచి వెనక్కి తెచ్చారు. టేప్ ఆఫ్‌లైన్‌లో ఉంటుంది కాబట్టి బగ్ దాని దాకా పోలేదు.

“టేప్ పాతకాలం సరుకు” అనేవాళ్లకు కూడా జవాబు ఇక్కడే ఉంది. ఎల్‌టీఓ-9 రకం టేప్ ఒక్కదాంట్లో, కంప్రెషన్ లేకుండానే, 18 టెరాబైట్లు పడతాయి. అలాగని అందరూ టేప్ డ్రైవ్ కొనాలని నేను చెప్పను. పది మంది పనిచేసే ఆఫీసుకు రెండు డిస్కులు మార్చి మార్చి పెడుతూ, ఒకటి ఎప్పుడూ పీకేసి వేరే చోట ఉంచితే చాలు. కాకపోతే ఆ మార్చే పని ఫలానా మనిషిది అని తేల్చాలి. తేల్చకపోతే నెల తిరిగేసరికి రెండు డిస్కులూ సర్వర్ పక్కనే కనిపిస్తాయి.

అపోహ: “రోజూ సక్సెస్ అనే వస్తోంది”

బ్యాకప్ సాఫ్ట్‌వేర్ ‘సక్సెస్’ అంటే, మీరు చెప్పింది చేశాను అని. మీరు చెప్పింది సరిపోతుందో లేదో దానికి తెలియదు.

బ్యాకప్ జాబ్ (ఏది ఎప్పుడు కాపీ చేయాలో చెప్పే సెట్టింగ్) తెరిచి సెలెక్షన్ లిస్ట్ చూడండి. సి డ్రైవ్, డి డ్రైవ్ టిక్ చేసి ఉంటాయి. సర్వర్‌లో చూస్తే ఇ డ్రైవ్ కూడా ఉంటుంది. ఎప్పుడో డి నిండిపోతే కొత్త డిస్క్ పెట్టి డేటాబేస్‌ను అందులోకి మార్చారు, ఆ మార్చినవాళ్లకు బ్యాకప్ జాబ్ గుర్తుకు రాలేదు. అప్పటినుంచీ ఆకుపచ్చ టిక్ మాత్రం రోజూ పడుతూనే ఉంది. సైజు కాలమ్ చూసి ఉంటే దొరికిపోయేది. ఒక తేదీన ఫుల్ బ్యాకప్ సైజు ఉన్నట్టుండి పడిపోయి, ఆ తర్వాత పెరగడమే మానేసి ఉంటుంది. నేను రిపోర్ట్ చేతికి రాగానే ముందు సైజు చూస్తాను, తర్వాత ఎంతసేపు నడిచిందో చూస్తాను, స్టేటస్ ఆఖర్న.

ఇక ఫెయిలైతే మెయిల్ వస్తుందన్న ధీమా. 2017 జనవరి 31న, ప్రోగ్రామర్లు తమ కోడ్ దాచుకునే సేవ గిట్‌ల్యాబ్‌లో ఒక ఇంజినీరు రెండో డేటాబేస్ సర్వర్ అనుకుని అసలు సర్వర్‌లోనే డేటా ఫోల్డర్ తీసేశాడు. ఆపేసరికి దాదాపు 300 గిగాబైట్లలో 4.5 మిగిలాయి. రోజువారీ బ్యాకప్‌లు ఉండాల్సిన చోట చూస్తే ఖాళీ. డేటాబేస్ వెర్షన్ 9.6 అయితే, బ్యాకప్ తీసే టూల్ 9.2 నడుస్తూ ప్రతిసారీ ఫెయిలవుతోంది. ఫెయిలైందని మెయిల్ కూడా పంపుతోంది, కానీ మెయిల్ భద్రతా నియమాలకు సరిపోలేదని ఆ మెయిళ్లు మధ్యలోనే తిరస్కరణకు గురయ్యాయి. చివరికి వాళ్లను కాపాడింది దాదాపు ఆరు గంటల ముందు వేరే పనికోసం తీసిపెట్టుకున్న ఒక స్నాప్‌షాట్, అంటే ఆ క్షణం నాటి కాపీ. ఆ ఆరు గంటల డేటా మాత్రం పోయింది. ఇదంతా గిట్‌ల్యాబ్ తనే బహిరంగంగా రాసి పెట్టింది, అందుకు ఆ కంపెనీ మీద నాకు గౌరవం. మనం నేర్చుకోవాల్సింది చిన్నదే. ఫెయిల్ మెయిల్ రాలేదంటే అంతా బాగుందని కాదు. సక్సెస్ మెయిల్ కూడా పెట్టుకోండి, అది రాని రోజున లేచి చూడండి.

డేటాబేస్‌ల విషయంలో ఇంకో మెలిక ఉంది. నడుస్తున్న డేటాబేస్ ఫైళ్లను మామూలుగా కాపీ చేస్తే ఒక ఫైలు పన్నెండు గంటలప్పటిది, ఇంకోటి పన్నెండుంపావుది అవుతుంది. రెండూ కలిపితే అది ఏ సమయానిదీ కాదు. విండోస్‌లో వీఎస్ఎస్ ఉన్నది అందుకే, ఒక్క క్షణం రాతలు ఆపించి ఆ క్షణం నాటి బొమ్మ పట్టిస్తుంది. డేటాబేస్ వైపు రాతలు ఆపించే వీఎస్ఎస్ రైటర్ మొరాయిస్తే కొన్ని సాఫ్ట్‌వేర్లు జాబ్‌ను ఫెయిల్ చేయకుండా, నడుస్తుండగా ప్లగ్ పీకేసినప్పటి లాంటి కాపీతో సరిపెట్టుకుని ‘వార్నింగ్’ అని పసుపు రంగులో రాస్తాయి. పసుపు రంగును ఎవరూ పట్టించుకోరు. మైక్రోసాఫ్ట్ డేటాబేస్ ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ‘వెరిఫై ఓన్లీ’ పరీక్ష పాసైందని సంబరపడేవాళ్లకు ఒక మాట: బ్యాకప్ ఫైలు చదవడానికి వస్తోందా అన్నదే అది చూస్తుంది, లోపల డేటా నిర్మాణం బాగుందా అన్నది చూడదు. దానికి వేరే సర్వర్ మీద పూర్తిగా రిస్టోర్ చేసి ‘చెక్‌డీబీ’ నడపాల్సిందే.

అపోహ: “రాన్సమ్‌వేర్ వస్తే బ్యాకప్ నుంచి తెచ్చుకుంటాం”

రాన్సమ్‌వేర్ అంటే ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే దాడి. అది చేసేవాళ్లకూ ఈ సంగతి తెలుసు. ఇప్పటి దాడుల్లో దొంగలు లోపలికి వచ్చిన వెంటనే ఫైళ్లకు తాళం వేయరు. కొన్నాళ్లు తిరిగి, డొమైన్ (ఆఫీసు కంప్యూటర్లన్నిటినీ ఒకే చోటి నుంచి నడిపే ఏర్పాటు) అడ్మిన్ పాస్‌వర్డ్ సంపాదించి, ముందు బ్యాకప్ సర్వర్ ఎక్కడుందో వెతుకుతారు. విండోస్ తనే దాచుకునే పాత కాపీలను (షాడో కాపీలను) తుడిచేయడానికి ఒక్క కమాండ్ చాలు. బ్యాకప్ సర్వర్ అదే డొమైన్‌లో ఉండి, అదే అడ్మిన్ అకౌంట్‌తో తెరుచుకుంటే, మీరు వాడే కన్సోల్‌లోనే ‘డిలీట్ ఫ్రమ్ డిస్క్’ నొక్కి వెళ్తారు. 2024 సెప్టెంబరులో వీమ్ అనే బ్యాకప్ సాఫ్ట్‌వేర్‌లో ఒక పెద్ద లోపానికి ప్యాచ్ వచ్చింది. కొద్ది వారాల్లోనే, ప్యాచ్ వేసుకోని చోట్ల అకీరా, ఫాగ్ రాన్సమ్‌వేర్ దాడుల్లో అదే లోపాన్ని వాడుకున్నారు. సర్వర్లన్నిటికీ ప్యాచ్‌లు వేసి, బ్యాకప్ సర్వర్‌ను మాత్రం “నడుస్తోంది కదా, కదపొద్దు” అని వదిలేసే అలవాటు చాలామందికి ఉంది.

బ్యాకప్ సర్వర్‌ను డొమైన్‌లో చేర్చకండి. దానికి వేరే అకౌంటు, వేరే పాస్‌వర్డ్, రెండో దశ ధ్రువీకరణ పెట్టండి. కనీసం ఒక కాపీని గడువు దాకా ఎవరూ మార్చలేని, చెరపలేని చోట ఉంచండి. క్లౌడ్ స్టోరేజ్‌లో ఆబ్జెక్ట్ లాక్ అనే సదుపాయం ఇదే. అందులో ‘గవర్నెన్స్’ మోడ్ పెడితే ప్రత్యేక అనుమతి ఉన్నవాళ్లు చెరపగలరు, ‘కంప్లయన్స్’ మోడ్ పెడితే గడువు తీరేదాకా అన్నిటికన్నా పైదైన రూట్ అకౌంట్ కూడా చెరపలేదు. రెండోదే గట్టిది. కానీ గడువు గడిలో 30 రోజులకు బదులు 30 ఏళ్లు కొట్టారో, మీ తర్వాత వచ్చేవాళ్లు కూడా దానికి అద్దె కట్టుకుంటూ పోవాలి.

దొంగ లోపల కొన్నాళ్లు తిరిగాడు కాబట్టి వారం రోజుల బ్యాకప్‌లే ఉంచుకుంటే వాటన్నిట్లోనూ వాడు ఉండొచ్చు. నెలవారీ కాపీలు కొన్ని పక్కన పెట్టుకోవడం అందుకే.

అపోహ: “మాదంతా క్లౌడ్‌లో ఉంది”

మైక్రోసాఫ్ట్ 365నే తీసుకోండి. ఆఫీసు ఫైళ్లు పంచుకునే షేర్‌పాయింట్‌లో డిలీట్ చేసిన ఫైలు రీసైకిల్ బిన్‌లలో 93 రోజులు ఉంటుంది. డిలీటెడ్ ఐటెమ్స్ ఫోల్డర్ నుంచి కూడా తీసేసిన మెయిల్, మీరు ఏమీ మార్చకపోతే 14 రోజుల్లో పోతుంది, పెంచుకున్నా 30 రోజులే. ఉద్యోగి మానేశాక అకౌంట్ తీసేస్తే, అతని వన్‌డ్రైవ్‌కు మామూలుగా దొరికే గడువు 30 రోజులు. పాత ప్రాజెక్టు ఫైళ్లు అవసరమయ్యేది ఆరు నెలల తర్వాత, ఆడిట్ వచ్చినప్పుడు. సేవను నడపడం వాళ్ల బాధ్యత, డేటా మీది.

క్లౌడ్ కూడా ఎక్కడో ఒక భవనంలోనే ఉంటుంది. 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ అనే క్లౌడ్ కంపెనీ డేటా సెంటర్ ఒకటి పూర్తిగా కాలిపోయింది. బ్యాకప్ కూడా అదే ప్రాంగణంలో ఉన్న కస్టమర్లకు రెండూ పోయాయి. 2024 మేలో ఆస్ట్రేలియా పెన్షన్ సంస్థ యూనిసూపర్‌కు గూగుల్ క్లౌడ్‌లోని ప్రైవేట్ క్లౌడ్ డిలీట్ అయింది. రెండు చోట్ల పెట్టుకున్నా, ఆ డిలీట్ రెండు చోట్లకూ పాకింది. ఆ ప్రైవేట్ క్లౌడ్‌కు బయట పెట్టుకున్న బ్యాకప్‌లు వాళ్లను ఆదుకున్నాయి.

అపోహ: “డేటా చాలా పెద్దది, బ్యాకప్ కుదరదు”

2025 సెప్టెంబరు 26న దక్షిణ కొరియాలోని దేజాన్‌లో ప్రభుత్వ డేటా సెంటర్ అంటుకుంది. ఉద్యోగులు ఫైళ్లు దాచుకునే జీ-డ్రైవ్ మొత్తం, 858 టెరాబైట్లు, బూడిదైంది. పరిమాణం మరీ పెద్దదని, ఆ స్టోరేజ్ నెమ్మదైనదని దానికి బయట బ్యాకప్ పెట్టలేదు. లెక్క వేస్తే 858 టెరాబైట్లకు కావాల్సింది 48 ఎల్‌టీఓ-9 టేపులు. అవి రాయడానికి రోజులు పడుతుంది, రోజూ మారేదాన్ని పట్టుకోవడం కష్టమే, ఒప్పుకుంటాను. మూడు నెలల పాత కాపీ ఒకటున్నా ఆ ఉద్యోగులకు ఏదో ఒకటి మిగిలేది.

అపోహ: “బ్యాకప్ ఉంది కాబట్టి గంటలో లేచి నిలబడతాం”

ముందు పైపు వెడల్పు చూసుకోండి. పది టెరాబైట్లను ఒక గిగాబిట్ నెట్‌వర్క్ మీద, ఎక్కడా అడ్డం లేకుండా లాగినా 22 గంటలు పడుతుంది. అదే క్లౌడ్ నుంచి 100 మెగాబిట్ లైన్ మీదైతే తొమ్మిది రోజులు దాటుతుంది. 2017 జూన్ 27న నాట్‌పెట్యా అనే వైరస్ దాడిలో మేర్స్క్ షిప్పింగ్ కంపెనీ డొమైన్ కంట్రోలర్లు (లాగిన్‌లు సరిచూసే సర్వర్లు) ఒకటి తప్ప అన్నీ తుడిచిపెట్టుకుపోయాయి. అవి ఒకదాన్నొకటి కాపీ చేసుకునేవి కాబట్టి, ఒకటి పోతే ఇంకోటి ఉందన్న ధైర్యంతో వేరే బ్యాకప్ పెట్టలేదు. ఘనాలోని ఆఫీసులో ఒకే ఒక్కటి బతికింది, ఆ సమయానికి అక్కడ కరెంటు పోయి అది నెట్‌వర్క్‌లో లేదు కాబట్టి. దాన్ని ఇంటర్నెట్‌లో పంపించాలంటే లైన్ చాలక రోజులు పట్టేలా ఉంది. చివరికి డిస్కును మనిషి చేత విమానంలో పంపారు. తర్వాత పది రోజుల్లో 4,000 సర్వర్లు, 45,000 పీసీలు మళ్లీ ఇన్‌స్టాల్ చేశామని కంపెనీ ఛైర్మన్ చెప్పారు.

ఆ తర్వాత వరుస. డొమైన్ కంట్రోలర్, డీఎన్ఎస్ (పేరును బట్టి సర్వర్ అడ్రస్ చెప్పేది) లేవకుండా డేటాబేస్ సర్వర్‌ను లేపితే ఎవరూ లాగిన్ కాలేరు. డొమైన్ కంట్రోలర్‌ను రిస్టోర్ చేయాలంటే డైరెక్టరీ సర్వీసెస్ రిస్టోర్ మోడ్‌లోకి వెళ్లాలి. దానికి వేరే పాస్‌వర్డ్ ఉంటుంది. ఎప్పుడో సర్వర్ పెట్టిన రోజున ఎవరో కొట్టిన పాస్‌వర్డ్ అది, ఆ మనిషి ఇప్పుడు కంపెనీలో లేడు. పైగా యాక్టివ్ డైరెక్టరీ (డొమైన్ కంట్రోలర్‌లో ఉండే అకౌంట్ల పట్టిక) బ్యాకప్, డిలీట్ చేసినవాటి గుర్తులు నిలిచి ఉండే టూంబ్‌స్టోన్ గడువు, సాధారణంగా 180 రోజులు, దాటితే పనికిరాదు.

అన్నిటికన్నా చిరాకు పెట్టేది పాస్‌వర్డ్ చుట్టు. బ్యాకప్‌ను ఎన్‌క్రిప్ట్ చేస్తారు, అది మంచి పనే. ఆ తాళంచెవి పాస్‌వర్డ్ వాల్ట్‌లో ఉంటుంది. వాల్ట్ ఒక వర్చువల్ మెషీన్‌లో (సాఫ్ట్‌వేర్‌తో సృష్టించిన కంప్యూటర్‌లో) ఉంటుంది. ఆ మెషీన్ బ్యాకప్‌లో ఉంటుంది. తాళంచెవి లేకపోతే ఆ బ్యాకప్‌ను సాఫ్ట్‌వేర్ కంపెనీ కూడా తెరవలేదు.

కాబట్టి రిస్టోర్ పరీక్ష అంటే ఒక వర్డ్ ఫైలు వెనక్కి తెచ్చి చూడటం కాదు. ఆఫీసు నెట్‌వర్క్‌తో సంబంధం లేని ఒక చిన్న నెట్‌వర్క్ కట్టి, డొమైన్ కంట్రోలర్, డీఎన్ఎస్, డేటాబేస్, అప్లికేషన్ అదే వరుసలో లేపండి. మెషీన్ బూట్ అయితే అయిపోయినట్టు కాదు. అకౌంట్స్ చూసే మనిషిని పిలిచి, నిన్న సాయంత్రం ఆఖర్న ఎక్కించిన ఎంట్రీ కనిపిస్తోందా అని అడగండి. మొదలుపెట్టిన సమయం, ఆ ఎంట్రీ కనిపించిన సమయం రాసుకోండి. మధ్యలో ఎక్కడెక్కడ ఏ పాస్‌వర్డ్ అడిగిందో కూడా రాసి, ఆ కాగితాన్ని కవర్‌లో పెట్టి బీరువాలో తాళం వేయండి.