ఆకలి మీద ఫ్రీజర్ తెరిచేవారికి: అపోహలు - వాస్తవాలు

హోటళ్ల వంటవాళ్లకు, క్యాటరింగ్ సిబ్బందికి ఆహార భద్రత నేర్పడం నా వృత్తి. తరగతిలో పెద్ద వంటశాలల గురించి మాట్లాడుకుంటాం. టీ విరామంలో మాత్రం ప్రశ్నలన్నీ ఇంటి ఫ్రిజ్ మీదికే మళ్లుతాయి. రాత్రి ఆలస్యంగా ఇల్లు చేరి, బిగుసుకుపోయిన చికెన్ ముద్దను చేతిలో పట్టుకుని ఏం చేయాలో తోచని పరిస్థితి అందరికీ తెలిసిందే. ఆ తొందరలో మనం నమ్మే మాటలు కొన్ని నిజంగా ప్రమాదకరం.

అపోహ: పొద్దున తీసి సింకులో పెట్టి ఆఫీసుకు వెళ్తే, సాయంత్రానికి ఐసు వదిలి వంటకు సిద్ధంగా ఉంటుంది.

వాస్తవం: ముద్ద అంతా ఒకేసారి కరగదు. నడిమి భాగం ఇంకా గడ్డగా ఉండగానే పైపొర గది వేడికి వచ్చేస్తుంది. మైనస్ 18 డిగ్రీల దగ్గర ఉంచే ఫ్రీజర్ బాక్టీరియాను చంపదు, ఎదగకుండా ఆపి ఉంచుతుంది, అంతే. 5 నుంచి 60 డిగ్రీల మధ్యకు రాగానే అది మళ్లీ పెరుగుతుంది. అన్నీ అనుకూలిస్తే కొన్ని రకాలు 20 నిమిషాలకోసారి రెట్టింపవుతాయి. పచ్చి మాంసం బయట ఉండదగినది మొత్తం మీద రెండు గంటలే. గది వేడి 32 డిగ్రీలు దాటితే ఒక్క గంటే. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో ఏ వంటగది దాటదు చెప్పండి?

ముందే అనుకుంటే, రాత్రే ఫ్రీజర్ నుంచి తీసి ఫ్రిజ్ కింది అరలో లోతైన గిన్నెలో పెట్టండి. కారిన నీరు కూరగాయల మీద పడదు. కిలో లోపు అయితే మర్నాటి సాయంత్రం వంటకు అందుతుంది.

అపోహ: ఎలాగూ తెర్లేలా ఉడికిస్తాం కదా, ఏమున్నా చచ్చిపోతుంది.

వాస్తవం: నేను ఎక్కువగా వాదించాల్సి వచ్చేది ఈ మాట మీదే. బాక్టీరియా చస్తుంది, నిజమే. కానీ స్టెఫిలోకాకస్ ఆరియస్ వంటివి పెరిగేటప్పుడు ఆహారంలోకి వదిలే విషం మరిగించినా పోదు. అన్నంలో కనిపించే బాసిల్లస్ సీరియస్ ఇంకా మొండిది. దాని బీజాలు ఉడుకును తట్టుకుని బతుకుతాయి. అన్నాన్ని గంటల తరబడి బయట వదిలేస్తే అవి మొలకెత్తి, వాంతులు పుట్టించే విషం తయారుచేస్తాయి. ఆ అన్నాన్ని తర్వాత ఎంత వేయించినా విషం విరగదు. అందుకే మిగిలిన అన్నంతో రేపు పులిహోరో ఫ్రైడ్ రైసో చేయాలనుకుంటే, పళ్లెంలో పలుచగా పరిచి చల్లార్చి, గంటలోపే ఫ్రిజ్‌లో పెట్టేయండి.

అపోహ: వేడినీళ్లలో వేస్తే త్వరగా కరుగుతుంది.

వాస్తవం: పైన సగం ఉడికి తెల్లబడుతుంది, లోపల ఐసు అలాగే ఉంటుంది. వాసన, రుచి రెండూ పోతాయి, బాక్టీరియాకు వెచ్చని చోటు దొరుకుతుంది. చల్లనీళ్లు చాలు. గాలితో పోలిస్తే నీరు వేడిని ఇరవై రెట్లకు పైగా బాగా అందిస్తుంది. మాంసాన్ని నీరు చొరని కవరులో పెట్టి, గాలి నొక్కి తీసేసి, పైన ఒక గిన్నె బరువు పెట్టి పూర్తిగా ముంచండి. అరగంటకోసారి నీళ్లు మార్చండి. అరకిలో ప్యాకెట్టుకు గంట సరిపోతుంది. కరిగాక వెంటనే వండాలి.

ఇంతకంటే త్వరగా కావాలంటే ఆ పని ఫ్రీజర్‌లో పెట్టే రోజే చేయాలి. గడ్డకట్టిన ఐసు కరిగి నీరు కావడానికి పట్టే వేడితో అంతే నీటిని సున్నా నుంచి 80 డిగ్రీల దాకా కాచవచ్చు. ఆ వేడంతా అంచుల నుంచి లోపలికి నడవాలి. మందం రెట్టింపైతే పట్టే సమయం దాదాపు నాలుగింతలు. కిలో కీమాను దుకాణంవాడు ఇచ్చిన సంచితోనే ఉండలా లోపల పడేస్తే రాత్రి భోజనం మీద ఆశ వదులుకోవాల్సిందే. అదే కీమాను పావుకిలో చొప్పున కవర్లలో వేసి, అప్పడాల కర్రతో వేలి మందాన పరిచి, కవరు పైనుంచి గరిటె కాడతో గళ్లలా నొక్కి గీతలు పెట్టండి. కావలసినన్ని గళ్లు విరుచుకోవచ్చు. చల్లనీళ్లలో పావుగంట చాలు.

అపోహ: ఏదైనా సరే, ఐసు పూర్తిగా వదిలాకే పొయ్యి ఎక్కించాలి.

వాస్తవం: బఠాణీలు, మొక్కజొన్న గింజలు నేరుగా బాణలిలో వేయవచ్చు. ఫ్రీజర్ పరోటాను కరగనిస్తే జిగురై చిరుగుతుంది, తీసినదాన్ని తీసినట్టే పెనం మీద వేయాలి. విడివిడిగా గడ్డకట్టిన చికెన్ ముక్కలు ఉడుకుతున్న మసాలాలో వేసినా ఇబ్బంది లేదు, మామూలు సమయానికి సగం అదనంగా పడుతుంది. మధ్యలో 74 డిగ్రీలకు చేరాలి. థర్మామీటర్ లేకపోతే పెద్ద ముక్కను ఎముక దాకా కోసి, ఎక్కడా గులాబీ రంగు లేదని చూసుకోండి. ఒకే ముద్దగా ఉన్న మాంసాన్ని మాత్రం కుక్కరులో పడేయకండి, పైది పీచుగా చెదిరిపోయినా నడుమ పచ్చిగా మిగిలిపోవచ్చు. ఐసు అంటిన ముక్కను కాగే నూనెలో అసలే వేయకండి, నూనె చిమ్మి ఒళ్లు కాలుతుంది.

అపోహ: మైక్రోవేవ్‌లో కరిగించడం మంచిది కాదు.

వాస్తవం: మంచిదే, పద్ధతి తెలిస్తే. మైక్రోవేవ్ తరంగాలను నీరు బాగా పీల్చుకుంటుంది, ఐసు అంతగా పీల్చుకోదు. ముందు కరిగిన అంచే ఇంకా వేడెక్కి ఉడికిపోయేది అందుకే. డీఫ్రాస్ట్ మీద పెట్టి, మధ్యమధ్య తిప్పి, విడివడిన ముక్కలను ముందే తీసేయండి. ఆ తర్వాత పక్కన పెట్టకుండా వండేయాలి.

అపోహ: ఒకసారి కరిగినదాన్ని మళ్లీ ఫ్రీజర్‌లో పెట్టకూడదు.

వాస్తవం: ఫ్రిజ్‌లోనే కరిగినదైతే పెట్టవచ్చు, రసం కారి కొంచెం పీచుగా మారుతుంది. చల్లనీళ్లలోనో మైక్రోవేవ్‌లోనో కరిగించినదాన్ని వండాకే పెట్టాలి. కరెంటు పోయినప్పుడు కంగారు పడి తలుపు తీయకండి. నిండుగా ఉన్న ఫ్రీజర్ మూసి ఉంచితే రెండు రోజులు, సగం నిండితే ఒక రోజు చలి నిలుపుతుంది.

అపోహ: ఫ్రీజర్ సరుకుతో అరగంటలో మంచి కూర కాదు.

వాస్తవం: ఒలిచిన రొయ్యలతో ప్రయత్నించండి. కోస్తా జిల్లాల చెరువుల నుంచి శీతల గిడ్డంగులకు వెళ్లే రొయ్యలకు ఆరిపోకుండా పలుచని ఐసు పూత వేస్తారు. కవరుతో చల్లనీళ్లలో ముంచితే ఇరవై నిమిషాల్లోపే ముక్కలు విడివడతాయి. ఆలోపు ఉల్లిపాయలు, పచ్చిమిర్చి, అల్లం వెల్లుల్లి వేయించి, టమాటా మగ్గించి ఉంచండి. రొయ్యలను జల్లెడలో వడకట్టి చేత్తో గట్టిగా పిండండి. పూత నీరు బాణలిలో చేరితే ఇగురు పులుసవుతుంది. అప్పుడు మసాలాలో వేసి పెద్ద మంట మీద కలపండి. వంపు తిరిగి, గాజులా ఉన్న కండ మధ్యదాకా తెల్లబడగానే దించేయాలి, మూడు నాలుగు నిమిషాలకు మించదు. ఇంకాసేపు ఉంచితే రబ్బరులా సాగుతాయి.