మ్యాంగనైట్ నానో పొడులు: సైజు మీద అపోహలు - వాస్తవాలు

కావలిలో పీజీ పిల్లలకి ఫిజిక్స్ చెప్తా, పీహెచ్‌డీ నాటి నుంచీ మ్యాంగనైట్ (మాంగనీస్, ఆక్సిజన్ ఉండే అయస్కాంత సిరామిక్) పొడులే నా పని. ప్రాజెక్టుల టైమొచ్చిందంటే ఇవే మాటలు మళ్లీ మళ్లీ వినపడతా ఉంటాయి, అందుకే రాస్తున్నా.

అపోహ: అయస్కాంతాన్ని పొడి చేసినా అయస్కాంతమే కదా, సైజుతో పనేంది?

వాస్తవం: చాలా పనుంది. గూడూరు, పొదలకూరు మార్కెట్లో నిమ్మకాయలు చూడండి, పెద్ద కాయకైనా గోలీకాయంత దానికైనా తొక్క మందం ఇంచుమించు ఒకటే, అందుకే చిన్న కాయ కోస్తే తొక్కే ఎక్కువ కనపడతాది. మ్యాంగనైట్ రేణువూ అంతే. లోపల ఎలక్ట్రాన్ ఒక మాంగనీస్ నుంచి ఆక్సిజన్ మీదుగా పక్క మాంగనీస్‌కి పోతా స్పిన్‌లన్నిటినీ (ఎలక్ట్రాన్లలో ఉండే చిట్టి అయస్కాంతాలనుకోండి) ఒకే వైపు నిలబెడతాది, 1951లో భౌతిక శాస్త్రవేత్త జీనర్ చెప్పిన డబుల్ ఎక్స్ఛేంజ్ ఇదే. రేణువు అంచుకొచ్చేసరికి ఆ గొలుసు తెగిపోతాది, స్పిన్‌లు తలో దిక్కు తిరుగుతాయి. ఆ పాడైన పొర 1 నానోమీటర్ అనుకుని లెక్కేయండి, 100 నానోమీటర్ల రేణువులో పోయేది 6 శాతం, 20 అయితే 27 శాతం, 10 అయితే దాదాపు సగం! శాచురేషన్ మాగ్నెటైజేషన్ (పొడికి ఎక్కగలిగే గరిష్ఠ అయస్కాంతత్వం) పడిపోయేది ఇందుకే.

అపోహ: అయితే సైజు తగ్గితే ఫెర్రోమాగ్నెటిజం (స్పిన్‌లన్నీ ఒకే వైపు నిలబడే గుణం) ఎప్పుడూ తగ్గాల్సిందే.

వాస్తవం: కాదు, నాకు బాగా ఇష్టమైన సంగతి ఇదే. నియోడిమియం సగం, కాల్షియం సగం ఉండే మ్యాంగనైట్ పెద్ద గింజలుగా ఉంటే చల్లబడేకొద్దీ మాంగనీస్ 3+, 4+ అయాన్లు వరసగా సర్దుకుని యాంటీఫెర్రో (స్పిన్‌లు ఎదురెదురు దిక్కుల్లో నిలబడి ఒకదాన్నొకటి కొట్టేసుకునే స్థితి) అయిపోతాది, దాన్నే నానో సైజుకి తెస్తే ఆ వరస చెదిరి, బలహీనంగానైనా ఫెర్రోమాగ్నెటిజం బయటికొస్తాది.

కోయర్సివిటీ (ఎక్కిన అయస్కాంతత్వాన్ని చెరిపేదానికి ఎదురుగా పెట్టాల్సిన క్షేత్రం) కూడా సైజుతో నేరుగా పోదు. సైజు తగ్గేకొద్దీ సింగిల్ డొమైన్ సైజు (రేణువంతా ఒకే దిక్కు అయస్కాంతంగా ఉండే సైజు) దాకా పెరిగి ఆ తర్వాత తగ్గుతాది.

అపోహ: ఫర్నేస్ టెంపరేచర్ మారిస్తే మారేది సైజొక్కటే.

వాస్తవం: 600, 800, 1000 డిగ్రీల్లో కాల్చిన మూడు శాంపిళ్లలో ఆక్సిజన్ కూడా ఒకేలా ఉండదు, దాంతో 4+ మాంగనీస్ శాతం మారి క్యూరీ టెంపరేచర్ (ఇది దాటితే ఫెర్రోమాగ్నెటిజం పోతాది) జరుగుతాది. మొదటేడు నేనూ అంతా సైజు వల్లే అని రాసుకున్నా, అయోడిన్ టైట్రేషన్‌తో 4+ మాంగనీస్ ఎంతుందో తేల్చాక గానీ తెలీలా. ఇంకోటి, ఎక్స్-రే గీతల వెడల్పు నుంచి సైజు లెక్కేసే షెరర్ ఫార్ములా ఇచ్చేది క్రిస్టలైట్ (రేణువులోని ఒక్కో చిన్న స్ఫటికం) సైజు, రేణువు సైజు కాదు, రేణువు కావాలంటే టీఈఎమ్ (ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు ఫొటో) తీయించాల్సిందే.

అపోహ: మాగ్నెట్ పెడితే లాగలేదు, శాంపిల్ పోయింది.

వాస్తవం: 30 శాతం స్ట్రాన్షియం వేసిన లాంథనం మ్యాంగనైట్ క్యూరీ టెంపరేచర్ 370 కెల్విన్ దగ్గర, అది గదిలోనే లాగుతాది. స్ట్రాన్షియం బదులు కాల్షియం వేస్తే 250 చిల్లరే, అంటే మైనస్ 20 డిగ్రీల దగ్గర, మన కావలి ఎండలో ఎట్టా లాగుద్ది? పారేయబాకండి. ఒంగోలు గిత్తల వీర్యం దాచేదానికి పశువుల ఆసుపత్రుల్లో లిక్విడ్ నైట్రోజన్ వాడతారు, అడిగి ఒక ఫ్లాస్కు తెచ్చుకోండి (మూత బిగించొద్దు, గ్లౌజులు తప్పనిసరి), పొడిని టెస్ట్ ట్యూబులో వేసి అందులో చల్లబరిచి మాగ్నెట్ దగ్గరికి తీసుకుపోండి, కదులుతాది.